సంతకం మీది, డీజే వాళ్లదా?

ప్రశ్న: మాది అంబర్‌పేట వైపు ఒక కాలనీ. ఏటా సద్దుల బతుకమ్మ కాలనీ పార్కులోనే ఆడుకునేవాళ్లం. ఈసారి ఆడవాళ్లందరం ఊరేగింపుగా బతుకమ్మ కుంట దాకా నడిచి వెళ్దామనుకుంటున్నాం. 200 మంది దాకా ఉంటాం. స్టేషన్‌లో అడిగితే దరఖాస్తు రాసివ్వమన్నారు. మహిళా కమిటీ కార్యదర్శిని కాబట్టి సంతకం నన్నే పెట్టమంటున్నారు. ‘రేపు ఏదన్నా అయితే కేసు నీ మీదే’ అని మావారు వద్దంటున్నారు. కాలనీలో ఒక పెద్దాయన ‘పండక్కి పర్మిషన్ ఏంటమ్మా, రోడ్డు అందరిదీ’ అంటారు. కుర్రాళ్లేమో అప్పుడే డీజే బండికి అడ్వాన్స్ ఇచ్చేశారు. ఇంకొకాయన ‘ఐదు వేలు చేతిలో పెడితే పనైపోతుంది’ అన్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టాలా, వద్దా? (పేరు వేయొద్దు)

సమాధానం: పెట్టండమ్మా. కాకపోతే, ఆ రోజు మీరు ‘ఆపండి’ అంటే ఊరేగింపు ఆగాలి. ఆ మాట చెల్లుతుందన్న నమ్మకం ఉంటేనే పెట్టండి. కాగితం మీద పేరు మీది, నడిపించేది డీజే బండి మీదున్న కుర్రాళ్లు అయ్యేట్టుంటే మాత్రం మీవారు చెప్పిందే వినండి.

ముందు పెద్దాయన మాట చూద్దాం. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. రోడ్డు అందరిదీ. అందరిదీ కాబట్టే పర్మిషన్. మీరు నడిచే ఆ గంటలో అదే రోడ్డు మీద ఆఫీసు నుంచి ఇంటికొచ్చేవాళ్లుంటారు, సిటీ బస్సులుంటాయి, 108 అంబులెన్సూ రావచ్చు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలో 19వ అధికరణం ఇచ్చింది. సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని కూడా అదే అధికరణం చెప్పింది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడన్నది 1972లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అహ్మదాబాద్ పోలీసు కమిషనర్ మీద హిమత్‌లాల్ షా అనే ఆయన వేసిన కేసది. వీధుల్లో సభలు, ఊరేగింపులు ఎప్పుడు, ఎలా జరగాలో ప్రభుత్వం నియంత్రించవచ్చు గానీ, ఏ ప్రాతిపదికా లేకుండా అధికారి ఇష్టం వచ్చినప్పుడు ఇచ్చి, ఇష్టం లేనప్పుడు కాదనేలా నిబంధన ఉంటే అది చెల్లదని రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. కాబట్టి మీరు స్టేషన్‌కి వెళ్లేది దయ చూపించమని అడగడానికి కాదు. టైము, దారి, శబ్దం, ఈ మూడింటి మీద ఒక ఒప్పందానికి రావడానికి.

ఈ గొడవ మన దగ్గరే ఉందనుకోకండి. అమెరికాలో మాంచెస్టర్ అనే ఊళ్లో కొందరు ప్లకార్డులు పట్టుకుని పర్మిషన్ లేకుండా ఫుట్‌పాత్ మీద వరసగా నడిచారని జరిమానా వేస్తే, కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టైము, చోటు, పద్ధతి చూసి పర్మిషన్ ఇవ్వడం, అందుకయ్యే ఖర్చుకి ఫీజు తీసుకోవడం తప్పు కాదని 1941లో కోర్టు చెప్పింది. బ్రిటన్ దారి వేరు. అక్కడ నిరసన ఊరేగింపుకి పర్మిషన్ అడగరు, 1986 చట్టం ప్రకారం ఆరు రోజుల ముందు పోలీసులకు నోటీసు ఇస్తారు. ఏటా ఆచారంగా జరిగేవాటికి, శవయాత్రలకు ఆ నోటీసు కూడా అక్కర్లేదు. మీ పెద్దాయన అక్కడ పుట్టాల్సింది!

హైదరాబాద్ సిటీలో పోలీసుల చేతిలో ఉన్నది నిజాం కాలం నాటి చట్టం, హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ. మన లెక్కలో 1938-39 ప్రాంతం. దాని కింద కమిషనర్ ఎప్పటికప్పుడు ఉత్తర్వులు ఇస్తుంటారు. దానికి తోడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ ఉంది. జనం నోట్లో నానిన పాత 144 సెక్షన్ ఇప్పుడు ఇదే. మీ పండగ రోజుల్లో ఈ సెక్షన్ కింద ఏదైనా ఉత్తర్వు అమల్లో ఉందేమో స్టేషన్‌లో ముందే అడగండి. ఒకవేళ మీ కాలనీ ఇంకో కమిషనరేట్ హద్దులోకి పోతుంటే చట్టం పేరు మారుతుంది, పద్ధతి దాదాపు ఇదే. ఈమధ్య హద్దులు అటూ ఇటూ అవుతున్నాయి కాబట్టి అదీ చూసుకోండి.

పాతకాలం నుంచి వస్తున్న ఊరేగింపులకు ఇవేవీ ఉండవని కూడా అనుకోకండి. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు ఏనుగు మీద వెళ్లే బీబీ కా ఆలం, బోనాలప్పుడు పాతబస్తీలో అక్కన్న మాదన్న గుడి ఘటం ఊరేగింపు, బాలాపూర్ నుంచి చార్మినార్, మొజంజాహీ మార్కెట్ మీదుగా ట్యాంక్‌బండ్ చేరే వినాయకుల శోభాయాత్ర... వీటన్నిటికీ ఏటా దారి ఖరారు చేస్తారు, ట్రాఫిక్ మళ్లింపులు ప్రకటిస్తారు. అంతంత పెద్దవాటికే తప్పనిది మీకు తప్పుతుందా?

పార్కులో ఆడుకున్నన్నాళ్లూ మీకు ఇదంతా ఎందుకు పట్టలేదంటే, మీరు రోడ్డెక్కలేదు కాబట్టి. మెయిన్ రోడ్డు మీద కాలు పెట్టినప్పుడే లెక్క మారుతుంది. ఆ లెక్క ఒకసారి చూడండి. 200 మంది ముగ్గురేసి చొప్పున నడిస్తే 67 వరసలు. నెత్తిన బతుకమ్మ ఉంటుంది కాబట్టి వరసకీ వరసకీ మధ్య కనీసం మీటరున్నర జాగా కావాలి. అంటే మీ ఊరేగింపు పొడవు 100 మీటర్లు. పట్టుచీర కట్టుకుని, బతుకమ్మ కింద పడకుండా, పిల్లల చేయి పట్టుకుని నడిచే నడక ఎంత మెల్లగా ఉంటుందో మీకు తెలుసు. మొత్తం చౌరస్తా దాటడానికి మూడు నిమిషాలు హాయిగా పడుతుంది. ఆ మూడు నిమిషాలు బండ్లన్నీ ఆపి నిలబడే కానిస్టేబుల్ ఎవరు? మధ్యలో ఎక్కడైనా నాలుగు మీటర్ల ఖాళీ వచ్చిందంటే బైకులు దూరిపోతాయి, వెనక సగం రోడ్డుకి అవతలే ఉండిపోతుంది. పోలీసులు దరఖాస్తులో వెతికేది ఇదే. మీ భక్తి మీద వాళ్లకి అనుమానం ఏమీ లేదు.

అందుకే కాగితం మీద కలం పెట్టేముందు, మీరు బయల్దేరాలనుకున్న టైముకే, ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి ఆ దారంతా ఒకసారి నడవండి. పగలు నడిస్తే లాభం లేదు. సాయంత్రం ఆరింటికి ఆ రోడ్డు వేరేగా ఉంటుంది. వీధి దీపాలు ఎక్కడ వెలగట్లేదు, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత కుంగింది, మిర్చి బండ్లు రోడ్డు మీదకి ఎంత దాకా వస్తాయి, గల్లీలోంచి మెయిన్ రోడ్డు ఎక్కే మలుపు దగ్గర ఎదురుగా వచ్చే బస్సు ఎంత దూరంలో కనిపిస్తుంది, ఇవన్నీ చూసి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. దారిలో ఆస్పత్రి ఉంటే గుర్తు పెట్టుకోండి. దాని చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించి ఉండొచ్చు.

తల పైకెత్తి కూడా చూడండి. ఇది మామూలుగా చెప్పే జాగ్రత్త కాదు. మీకు దగ్గర్లోనే ఉన్న రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు ముగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. రథం లాగే బండి ఆగిపోతే మనుషులే చేతులతో లాక్కెళ్తున్నారు. మన గల్లీల్లో కరెంటు తీగలు, కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి. ఏది చచ్చిన వైరో, ఏది బతికున్నదో కింద నుంచి చెప్పడం ఎవరి తరం కాదు. మీరు నెత్తిన పెట్టుకునే బతుకమ్మతో భయం లేదు. కానీ ‘పెద్ద బతుకమ్మ చేసి ట్రాలీ మీద పెడదాం’ అని ఎవరో ఒకరు అంటారు, చూస్తూ ఉండండి. పెడితే ట్రాలీతో కలిపి దాని ఎత్తు టేపుతో కొలిచి దరఖాస్తులో రాయండి, కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసులోనూ ఒక కాపీ ఇవ్వండి. నన్నడిగితే ట్రాలీయే వద్దు.

ఇక తేదీ, టైము. మీరు అనుకున్న రోజున మీరొక్కరే కుంటకి వెళ్తారా? చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా బాగు చేశాక 2025 సెప్టెంబరులో బతుకమ్మ రోజుల్లోనే దాన్ని ప్రారంభించారు. పేరులోనే బతుకమ్మ ఉంది. సద్దుల రోజు చుట్టుపక్కల కాలనీలన్నీ అక్కడికే బయల్దేరతాయి. పైగా దసరా దగ్గరపడ్డాక దుర్గమ్మ విగ్రహాల నిమజ్జనాలూ మొదలవుతాయి. రెండు గుంపులు ఒకే మలుపు దగ్గర ఎదురుపడితే మంచివాళ్ల మధ్య కూడా తోపులాట అవుతుంది. ఒక రోజు వెనక్కో ముందుకో జరగడం నామోషీ ఏమీ కాదు. 2023లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. మిలాద్ ఊరేగింపు జరిపే పెద్దలే దాన్ని అక్టోబర్ 1కి మార్చుకున్నారు. 2024లో మళ్లీ పక్కపక్క రోజులే వస్తే మళ్లీ జరుపుకున్నారు. లక్షల మంది ఉన్న ఊరేగింపులు అలా సర్దుకున్నప్పుడు, మీరు ఒక గంట ముందు బయల్దేరలేరా? సద్దుల రోజే కావాలంటే నాలుగున్నరకే మొదలుపెట్టండి. వెలుతురుండగా కుంట చేరుతారు. పక్క కాలనీ మహిళా కమిటీకి ఫోన్ చేసి వాళ్లెప్పుడు బయల్దేరుతున్నారో కనుక్కుని, ఆ సంగతి కూడా దరఖాస్తులో ఒక ముక్క రాస్తే స్టేషన్‌లో మీ కాగితానికి విలువ పెరుగుతుంది.

డీజే సంగతికొద్దాం. మీ ఉత్తరంలో నాకు అసలు ముల్లు ఇక్కడే కనిపించింది. 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసు కమిషనర్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, బాణసంచాను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఇప్పుడు అందులో మార్పులేమైనా చేశారేమో స్టేషన్‌లో అడగండి. ఆ ఉత్తర్వు సంగతి అలా ఉంచినా, కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాలు ఎలాగూ ఉన్నాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఇళ్లున్న ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రికి 45. డీజే బాక్సులు ఆ హద్దులో మోగడం నేను వినలేదు. ఈ తంటా కొత్తదీ కాదు. 1861 నాటి పోలీసు చట్టంలోనే, పండగలప్పుడు వీధుల్లో వాయించే సంగీతం ఎంతవరకు ఉండొచ్చో పోలీసులు నియంత్రించవచ్చని రాసి ఉంది. అప్పటికి కరెంటు బాక్సులే లేవు, డప్పులు, సన్నాయిలే.

మీ సంగతి వేరమ్మా. బతుకమ్మ పాటకి కావాల్సింది గొంతు, చప్పట్లు. నోటితో పాడే పాటకి సౌండ్ పర్మిషన్ అక్కర్లేదు. డీజే తీసేస్తే మీ దరఖాస్తులో సగం చిక్కులు ఊడిపోతాయి. జనరేటర్ బండి ఉండదు, దాని వెనక తాగి చిందులేసే బ్యాచ్ ఉండదు, ఆడవాళ్లు ఒక పక్కకి ఒదిగి నడవాల్సిన ఖర్మ ఉండదు. అడ్వాన్స్ పోతుందని కుర్రాళ్లు అలుగుతారు. వాళ్లకి వేరే పని చెప్పండి, అదీ పెద్ద పనే. ఊరేగింపు చుట్టూ తాడు పట్టుకుని నడిచేవాళ్లని పోలీసులు రోప్ పార్టీ అంటారు. 12 మంది కుర్రాళ్లకి ఒకే రంగు టీషర్టులు, చేతిలో టార్చిలు, రెండు పక్కలా పొడుగాటి తాడు. ముందొకరు, వెనకొకరు, ప్రతి మలుపు దగ్గరా ఇద్దరు. ప్రదర్శనల్లో ఆస్తుల ధ్వంసం మీద 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, నిర్వాహకులు ముందే పోలీసులతో కూర్చుని దారి ఖాయం చేసుకోవాలని, కూడళ్ల దగ్గర తమ మనుషుల్ని పెట్టుకోవాలని ఉంది. అవి పండగల కోసం రాసినవి కావు గానీ పద్ధతి మంచిది, వాడుకోండి.

మీవారి భయం ఉత్తదేమీ కాదు. అలాగని ఆయన అనుకున్నంతా లేదు. ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద 6 నెలల దాకా సాధారణ జైలు గానీ, 2,500 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. దానివల్ల ప్రాణాలకు ముప్పు వచ్చే పరిస్థితి ఏర్పడితే ఏడాది, 5,000 అవుతుంది. దారికి అడ్డం పడితే 285 కింద 5,000 దాకా జరిమానా. అసలు బరువైనది 106. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే 5 ఏళ్ల దాకా జైలు. అయితే ఈ సెక్షన్లలో ఏదీ ‘దరఖాస్తు మీద సంతకం పెట్టినవాళ్ల మీదే’ అనదు. పర్మిషన్ లేకుండా వెళ్లారనుకోండి, అప్పుడూ కేసు పడుతుంది. మైకు పట్టుకున్నవాళ్ల మీద, బండి ఓనరు మీద, వీడియోలో ముందు నడుస్తూ కనిపించినవాళ్ల మీద. ఆ వీడియోలో ముందు నడిచేది ఎలాగూ మీరే. సంతకం పెట్టకపోతే తప్పించుకుంటారన్నది భ్రమ. షరతులన్నీ పాటించామని చూపించడానికి చేతిలో కాగితం ఉండటమే మీకు మేలు.

బరువు మాత్రం ఒక్కరే మోయొద్దు. సంఘం మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించండి. ఊరేగింపు దారి, టైము, డీజే లేదన్న మాట, వాలంటీర్లకి ఎవరు పెద్ద అన్నది, అన్నీ అందులో ఉండాలి. సంఘం అధ్యక్షుడితో సంతకం పెట్టించండి. దరఖాస్తు మీద మీతో పాటు ఇంకో ఇద్దరు పెట్టాలి. ‘పండక్కి పర్మిషన్ ఏంటి’ అన్న పెద్దాయనని కూడా రెండో సంతకం అడగండి. రోడ్డు అందరిదీ కదా, బాధ్యత కూడా కొంచెం పంచుకుంటారేమో చూద్దాం.

దరఖాస్తు స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరు మీద రాయండి, తెలుగులోనే. కనీసం పది రోజుల ముందు. బయల్దేరే చోటు, చేరే చోటు, మధ్యలో ప్రతి మలుపూ, మొదలయ్యే టైము, ముగిసే టైము, తిరుగు ప్రయాణం ఎలా అన్నది రాయాలి. అందరూ తిరుగు ప్రయాణం మర్చిపోతారు. చీకట్లో 200 మంది చెల్లాచెదురుగా ఇంటికొచ్చేటప్పుడే రోడ్డు దాటడం కష్టం. జనం లెక్క తగ్గించి రాయొద్దు. 100 అని రాసి 300 మంది వస్తే ఇద్దరు కానిస్టేబుళ్లతో బందోబస్తు ఎలా సరిపోతుంది? వెనక చేత్తో గీసిన మ్యాప్ ఒకటి జత చేయండి, మీరు ముగ్గురి ఫోన్ నంబర్లూ ఇవ్వండి. అదే దరఖాస్తు కాపీ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వాలి. లా అండ్ ఆర్డర్ వాళ్లు వేరు, ట్రాఫిక్ వాళ్లు వేరు. ఒకళ్లకి ఇస్తే ఇంకొకళ్లకి దానంతట అదే చేరుతుందని ధీమాగా కూర్చోవద్దు. రెండు చోట్లా మీ కాపీ మీద తేదీతో సీలు వేయించుకోండి.

ఆ ఐదు వేల సంగతి. ఒక్క రూపాయి కూడా చేతిలో పెట్టొద్దు. ఏదైనా ఫీజు ఉందంటే చలానా కట్టి రసీదు తెచ్చుకోండి. రసీదు లేని ఫీజు ఎవరైనా అడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. అసలు మీ కాలనీ ఆయన అన్న ‘పనైపోతుంది’ అన్న మాట స్టేషన్ నుంచి వచ్చిందో, ఆయన జేబులోంచి వచ్చిందో కూడా కనుక్కోండి. మధ్యవర్తి లాభం చూసుకునే కథలు ఇలాగే మొదలవుతాయి.

ఒకవేళ కుదరదన్నారనుకోండి. గొడవ పడొద్దు, ‘కారణం రాసివ్వండి సార్’ అని అడగండి. చాలాసార్లు అడ్డం వచ్చేది ఊరేగింపు కాదు, టైమో దారో. మెయిన్ రోడ్డు బదులు లోపలి గల్లీల్లోంచి వెళ్తామని, అరగంట ముందు బయల్దేరతామని రెండో ప్లాన్ మీ దగ్గర తయారుగా ఉండాలి. అప్పటికీ వినకపోతే ఏసీపీ దగ్గరికి, ఆ పైన డీసీపీ దగ్గరికి అదే కాగితంతో వెళ్లండి. చివరికి హైకోర్టులో రిట్ వేసే దారి ఉంది. ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను మూసేస్తే 2018లో హైకోర్టు చెప్పాకే మళ్లీ తెరుచుకుంది. సభలకి, ర్యాలీలకి పోలీసులు కాదంటే కోర్టు షరతులు పెట్టి అనుమతించిన సందర్భాలూ చాలానే ఉన్నాయి. 200 మంది ఆడవాళ్ల బతుకమ్మకి అంత దూరం పోవాల్సిన అవసరం వస్తుందని నేననుకోను. కానీ కోర్టుకి వెళ్లాలంటే తేదీ వేసిన సీలు, రాతపూర్వకమైన తిరస్కారం, కనీసం నాలుగు పని దినాలు చేతిలో ఉండాలి. పది రోజుల ముందే ఇవ్వమన్నది అందుకే.